సంఘం సంచి ఎవరి చేతిలో?

ఎన్నికలొస్తే ఊళ్లకు రెండు రకాల పైసలు వస్తాయి. ఒక రకం రాత్రిపూట దిగుతుంది. దానికి రసీదు ఉండదు, ఇచ్చినోడి పేరుండదు, ఎందుకిచ్చిండో ఎవరూ అడగరు. ఇంకో రకం పట్టపగలు పోగవుతుంది. కూలీలు తలా పది రూపాయలు తీసి, బుక్కులో పేరు రాయించుకొని, తమ సంఘం కోసం, తమ తరఫున మాట్లాడే మనిషి కోసం వేసుకునే పైసలవి. మొదటి దాన్ని ఈ దేశంలో ఎన్నికల ఖర్చు అంటారు. రెండో దాన్ని మాత్రం "కూలోళ్ల సంఘానికి రాజకీయమెందుకు?" అని నిలదీస్తారు. ఆ నిలదీసే నోరు ఎవరిదో చూస్తే అసలు సంగతి సగం తెలిసిపోతుంది.

ఈ మాట ఇప్పుడు ఎందుకెత్తుతున్నామంటే, మన బతుకుల మీద పెద్ద తీర్పులన్నీ ఈ నాలుగైదేళ్లలో ఢిల్లీలోనే జరిగిపోయినయి. 29 కార్మిక చట్టాలను కలిపి 4 కోడ్‌లు చేశారు. వాటిలో మూడింటిని 2020 సెప్టెంబరులో, ప్రతిపక్షం సభ బయట ఉన్నప్పుడు పాసు చేశారు. 2025 నవంబరు 21 నుంచి నాలుగూ అమలులోకి వచ్చాయి. వలస కూలీల కోసం 1979లో చేసిన చట్టం కూడా అందులో కలిసిపోయింది. 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలై, తొలి విడతలోనే మన మహబూబ్‌నగర్ జిల్లాకు వచ్చిన ఉపాధి హామీ చట్టం స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. పని దినాలు 125 అన్నారు గానీ, ఖర్చులో 40 శాతం రాష్ట్రం నెత్తిన పెట్టారు. వ్యవసాయ పనులు జోరుగా ఉండే కాలంలో 60 రోజుల దాకా పని ఆపొచ్చన్నారు. నాట్లప్పుడు, కోతలప్పుడు కూలి రేటు పెరగకుండా ఉండాలన్నది ఎవరి కోరిక? ఆ కోరిక ఢిల్లీ దాకా పోయింది. మన కోరిక ఎందుకు పోలేదు?

బీచుపల్లి దగ్గర కృష్ణ మీది వంతెన దాటి 44వ నంబరు జాతీయ రహదారి పోతుంది. ఇవతల గద్వాల, అవతల వనపర్తి, ఆ పక్కన నాగర్‌కర్నూల్. ఈ మూడు జిల్లాల మనుషులు తరాలుగా గుంపు మేస్త్రీల వెంట ఈ దారిన హైదరాబాదుకు, బెంగుళూరుకు, రాయచూరు మీదుగా బొంబాయి, పూణెలకు పోతూనే ఉన్నారు. దేశంలో ఎక్కడ డ్యాము కట్టినా, కాలువ తవ్వినా అక్కడ పాలమూరు లేబర్ ఉన్నదంటారు. 2020లో లాక్‌డౌన్ పెడితే ఈ రోడ్ల మీదనే నడిచిన్రు. ఆ ఏడు సెప్టెంబరులో, దారిలో ఎంతమంది వలస కూలీలు చచ్చిపోయారో తమ దగ్గర లెక్క లేదని కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. అదే నెలలో, అదే పార్లమెంటులో కోడ్‌లు పాసయినయి. చావుకు లెక్క లేనోళ్ల బతుకు మీద చట్టం చేయడానికి మాత్రం తీరిక దొరికింది.

పైసలున్నోడి మాట ఢిల్లీకి ఎట్ల పోతుందో దేశమంతా 2024లో చూసింది. 2018 జనవరిలో ఎన్నికల బాండ్ల పథకం తెచ్చారు. కంపెనీ బ్యాంకుకు పోయి బాండు కొని పార్టీకి ఇయ్యొచ్చు, ఎవరు ఎవరికి ఇచ్చిందీ జనానికి తెలియదు. అంతకు ముందు కంపెనీ తన మూడేళ్ల సగటు లాభంలో ఏడున్నర శాతం దాకే పార్టీలకు ఇవ్వాలని హద్దుండేది. 2017లో ఆ హద్దు కూడా తీసేశారు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఇది రాజ్యాంగానికి విరుద్ధమని కొట్టేసింది. పార్టీల పైసలు ఎక్కడి నుంచి వస్తున్నాయో తెలుసుకునే హక్కు ఓటరుకు ఉందన్నది. అప్పుడు లెక్కలు బయటపడ్డాయి. 2019 ఏప్రిల్ నుంచి 2024 జనవరి వరకు బాండ్ల మీద బీజేపీకి 6 వేల కోట్లకు పైగా, తృణమూల్‌కు 1,600 కోట్లకు పైగా, కాంగ్రెసుకు 1,400 కోట్లకు పైగా, మన బీఆర్‌ఎస్‌కు 1,200 కోట్లకు పైగా వచ్చాయి. ఒక్క లాటరీ కంపెనీయే 1,368 కోట్ల బాండ్లు కొన్నది. రెండో స్థానం హైదరాబాద్ కంపెనీ మేఘా ఇంజినీరింగ్‌ది, 966 కోట్లు. పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల పనుల్లో ఉన్న కంపెనీ అది. బాండ్లు కొన్నందుకే పనులొచ్చాయని మేం తీర్పు చెప్పడం లేదు. మేం అడిగేది ఒక్కటే. ఆ కాలువల్లో మట్టి తవ్విన కూలీ ఏ పార్టీకి ఎంత ఇచ్చిండు? ఆ కూలీ మాట ఏ మంత్రి విన్నడు? సీపీఎం బాండ్లు తీసుకోలేదు, వాటి మీద కోర్టుకు పోయినవాళ్లలో అదొకటి. అంటే తీసుకోకుండా ఉండడం సాధ్యమే అన్నమాట.

ఇప్పుడు కార్మికుడి చందాకు చట్టం ఏం చెబుతుందో చూడండి. 1926 ట్రేడ్ యూనియన్ల చట్టం ప్రకారం సంఘం మామూలు నిధిలోంచి రాజకీయానికి రూపాయి తీయరాదు. దానికి వేరే నిధి పెట్టాలి. ఆ నిధికి చందా వేరేగా వసూలు చేయాలి. ఇవ్వమని ఏ సభ్యుణ్ణీ బలవంతం చేయరాదు. ఇవ్వలేదని సంఘం మేలు ఏదీ అతనికి ఆపరాదు. లెక్కలు ప్రతి ఏడూ ప్రభుత్వ రిజిస్ట్రారుకు పంపాలి. ఏ సభ్యుడైనా లెక్కల పుస్తకం చూపించమని అడగొచ్చు. ఆ చట్టం ఇప్పుడు పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో కలిసిపోయినా, వేరు నిధి, బలవంతం లేని చందా అనే నియమం అందులోనూ ఉంది. ఈ నియమం ఇంగ్లండు నుంచి వచ్చింది. అక్కడ యూనియన్లు చందాలు వేసుకొని లేబర్ పార్టీని నిలబెట్టాయి. ఎంపీలకు జీతాలు లేని కాలమది. జమీందారు, మిల్లు యజమాని సొంత పైసలతో పార్లమెంటులో కూచునేవాళ్లు, కార్మికుడు యూనియన్ ఇస్తేనే కూచోగలిగేవాడు. ఆస్బోర్న్ అనే రైల్వే ఉద్యోగి కేసులో 1909లో అక్కడి పెద్ద కోర్టు యూనియన్ పైసలు పార్టీకి ఇవ్వరాదన్నది. కార్మికులు కొట్లాడితే 1913లో వేరు నిధి పెట్టుకోవచ్చని, ఇష్టం లేని సభ్యుడు తప్పుకోవచ్చని చట్టమొచ్చింది.

ఈ నియమం మంచిదేనని మా అభిప్రాయం. కూలోడి చెమట పైస మీద కూలోడి ఇష్టమే నడవాలి. కానీ అన్నలారా, అక్కలారా, తూకం చూడండి. మన పది రూపాయలకు వేరు డబ్బా, వేరు రసీదు, సభ్యుడి ఇష్టం, ఏటేటా లెక్క. కంపెనీ వందల కోట్లకు మాత్రం ఆరేళ్లపాటు పేరు కూడా అడగలేదు. ఆ కంపెనీలో వాటాలు కొన్న చిన్నోణ్ణి అడిగిన్రా? అందులో పనిచేసే కూలీని అడిగిన్రా? బుట్ట మోసేవాడి సంచి విప్పి చూసే చౌకీదారు, లారీని మాత్రం సలాము కొట్టి పంపించిండు.

అమెరికాలోనూ ఇంతే. అక్కడ ఫెడరల్ ఎన్నికల్లో అభ్యర్థికి నేరుగా పైసలివ్వడం కంపెనీలకు 1907లో, యూనియన్లకు శాశ్వతంగా 1947లో నిషేధించారు. యూనియన్లు సభ్యులు ఇష్టపడి ఇచ్చే చందాలతో వేరు కమిటీలు పెట్టుకున్నాయి. 2010లో అక్కడి సుప్రీంకోర్టు, అభ్యర్థి చేతికి ఇవ్వకుండా సొంతంగా ప్రచారం మీద పెట్టే ఖర్చుకు కంపెనీకైనా యూనియన్‌కైనా హద్దు లేదన్నది. చట్టం ఇద్దరికీ ఒకటే అయింది. కానీ సంచి ఒకటి కాదు గదా! పైసల పోటీలో కార్మికుడు పైసలున్నోణ్ణి ఏనాడూ గెలవలేడు. ఈ సంగతి తెలిసి కూడా కొందరు సంఘ నాయకులు పైసలతోనే పలుకుబడి కొందామనుకుంటారు. అక్కడే దెబ్బ తింటున్నాం.

మన ఇంటి సంగతే చూద్దాం. తెలంగాణ ఉద్యమంలో సంఘాలది పెద్ద చేయి. 2011 సెప్టెంబరు 13న మొదలైన సకల జనుల సమ్మె 42 రోజులు నడిచింది. బొగ్గు ఆగింది, బస్సు ఆగింది, బడి ఆగింది. ఢిల్లీ కదిలింది. ఏ కంపెనీ బాండు ఇచ్చి కదిలించలేదు, జీతాలు పోగొట్టుకున్న ఉద్యోగులు, కార్మికులు కదిలించిన్రు. తర్వాత ఏమైంది? ఎన్జీవోల నాయకుడు స్వామిగౌడ్ 2014లో శాసనమండలి చైర్మన్ అయ్యారు. గెజిటెడ్ అధికారుల సంఘం నాయకుడు శ్రీనివాస్‌గౌడ్ 2014లో మన మహబూబ్‌నగర్ నుంచే ఎమ్మెల్యేగా, 2019లో మంత్రిగా అయ్యారు. వాళ్లు పోవడం తప్పని మేం అనడం లేదు. కార్మికుడు, ఉద్యోగి చట్టసభకు పోవలసిందే. కానీ నాయకుడు పోయినప్పుడు సంఘం కోరికల కాగితం కూడా వెంట పోయిందా, లేక నాయకుడొక్కడే పోయిండా? ఇది అడగవలసిన మాట.

ఆర్టీసీ సంగతి ఇంకా చేదు. ఉద్యమ కాలంలో పార్టీ నీడన పెరిగిన యూనియన్, ఆ పార్టీ గద్దెనెక్కినాక తమ గోడు తప్పక వింటుందనుకున్నది. 2019 అక్టోబరు 5న సమ్మెకు దిగితే, దాదాపు 48 వేల మంది కార్మికులు తమంతట తామే ఉద్యోగాలు వదులుకున్నట్టేనని అప్పటి ముఖ్యమంత్రి అన్నారు. 52 రోజులు సమ్మె నడిచింది. కార్మికుల ప్రాణాలు పోయినయి. చివరికి చేతులెత్తి డ్యూటీలో చేరాల్సి వచ్చింది. ఆ తర్వాత యూనియన్లనే పక్కనబెట్టి డిపోల్లో సంక్షేమ కమిటీలు పెట్టిన్రు. పార్టీకి అరువిచ్చిన బలం అవసరానికి తిరిగి రాదని దీనికంటే గట్టిగా ఎవరు చెప్పగలరు? సింగరేణిలో అదే పార్టీ సంఘమైన బొగ్గుగని కార్మిక సంఘం 2012లో, 2017లో గుర్తింపు ఎన్నికలు గెలిచింది. 2023 డిసెంబరులో ప్రభుత్వం మారింది, అదే నెల 27న జరిగిన ఎన్నికల్లో ఏఐటీయూసీ గెలిచింది. సర్కారు పోతే సంఘమూ పోయేటట్టుంటే అది కార్మికుల సంఘమా, సర్కారు గుడారమా?

ఇంకో మాట దాచకుండా చెప్పాలి. సంఘం ఎర్రదైనా, మూడు రంగులదైనా, కాషాయానిదైనా లోపల కులం ఉంటే ఆ సంఘం పలుకుబడిలో మనకు వాటా రాదు. బొంబాయి బట్టల మిల్లుల్లో నేత శాఖలో కూలి ఎక్కువ. నూలు తెగితే పోగును నోటితో తడిపి అతకాలి గనుక, అంటరానోడి ఎంగిలి మాకొద్దని ఆ శాఖలోకి మనోళ్లను రానియ్యలేదు. 1928, 29 సమ్మెల నాడు పెద్ద యూనియన్లు యజమాని మీద గొంతెత్తినయి గానీ దీని మీద గట్టిగా నిలబడలేదు. బాబాసాహెబ్ అడిగింది దీన్నే. 1936లో ఆయన ఇండిపెండెంట్ లేబర్ పార్టీ పెట్టారు. 1938 ఫిబ్రవరిలో మన్మాడ్‌లో దళిత రైల్వే కార్మికుల సభలో, కార్మికుడికి శత్రువులు ఇద్దరని, ఒకటి బ్రాహ్మణవాదం, రెండోది పెట్టుబడిదారీ విధానం అని చెప్పారు. అదే ఏడు నవంబరు 7న, సమ్మె హక్కును కట్టిపడేసే బిల్లు మీద, అదే కమ్యూనిస్టులతో కలిసి బొంబాయిలో ఒకరోజు సమ్మె చేశారు. అడగవలసింది అడిగారు, కలవవలసిన చోట కలిశారు. మనకు ఇదే దారి.

ఆయన ఢిల్లీ పలుకుబడి ఎట్ల సంపాదించారు? పైసలతో కాదు. 1942 జూలైలో వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ సభ్యుడై, ఆగస్టులోనే సర్కారు, యజమానులు, కార్మికులు ముగ్గురూ కూచునే సభకు అధ్యక్షత వహించారు. గనుల్లో పనిచేసే ఆడవాళ్లకు ప్రసూతి సాయం, 1946లో ఫ్యాక్టరీల్లో వారానికి 48 గంటల పని, యూనియన్లకు గుర్తింపు ఇచ్చి తీరాలన్న బిల్లు, అన్నీ ఆయన చేతి మీదుగా కదిలినయి. ముగ్గురూ కూచునే ఆ సభే తర్వాత భారత కార్మిక మహాసభగా నడిచింది. దాని 46వ సమావేశం 2015 జూలైలో జరిగింది. ఆ తర్వాత కోడ్‌లు పాసయ్యేదాకా ఒక్కసారీ పిలవలేదు. బాబాసాహెబ్ కూచోబెట్టిన బల్లను ఎత్తేసి, కూలీ లేని గదిలో కూలీ చట్టం రాసిన్రు. 2025 జూలై 9న కేంద్ర కార్మిక సంఘాలు దేశవ్యాప్త సమ్మె చేసినా, నాలుగు నెలలకు కోడ్‌లు అమలు చేసిన్రు.

పైసలు లేనోళ్లు ఢిల్లీ లాంటి రాజధానిని వంచగలరా అంటే వంచిన కథ ఒకటుంది. అమెరికాలో రైలు పడక బోగీల్లో సామాన్లు మోసి, పరుపులు వేసి, బూట్లు తుడిచే నల్లవాళ్లు 1925లో ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వాన యూనియన్ పెట్టుకున్నారు. పుల్‌మన్ కంపెనీ పన్నెండేళ్లు తిప్పలు పెట్టి 1937లో గానీ ఒప్పందం మీద సంతకం చేయలేదు. 1941లో యుద్ధ సామాగ్రి ఫ్యాక్టరీల్లో నల్లవాళ్లకు పనియ్యనప్పుడు, రాజధాని వాషింగ్టన్ మీదికి వేలాదిగా నడిచొస్తామని రాండాల్ఫ్ అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కు చెప్పారు. నడక మొదలుకాక ముందే, జూన్ 25న, ఆ ఫ్యాక్టరీల్లో జాతి వివక్ష చూపరాదని రూజ్‌వెల్ట్ ఆదేశం ఇచ్చారు. ఎవరి ఎన్నికల ఖర్చూ భరించి తెచ్చుకున్నది కాదది. కానీ గుర్తుపెట్టుకోండి, ఆ పన్నెండేళ్లూ యూనియన్ బతికింది సభ్యుల చందాల మీద, వాళ్ల ఇంటి ఆడవాళ్లు పోగేసిన పైసల మీద. తమ పైసల మీద నిలబడ్డ సంఘం కనుకనే అధ్యక్షుడి ముందు తలెత్తి మాట్లాడింది.

మనలోనూ ఆ పని చేసి చూపినోళ్లున్నారు. 1978 డిసెంబరు 6న కాన్షీరామ్ బామ్‌సెఫ్ పెట్టారు. అది యూనియన్ కాదు. జీతాలు పెంచమని అడిగే సంఘం కాదు. సర్కారు ఉద్యోగం చేసే దళిత, బహుజనులు తమ జీతంలోంచి, తెలివిలోంచి, తీరికలోంచి సమాజానికి బాకీ తీర్చే ఏర్పాటు. ఆ పునాది మీద 1984 ఏప్రిల్ 14న పార్టీ పుట్టింది. 1988లో అలహాబాద్ ఉప ఎన్నికలో ఆయన జనాన్ని ఓటుతోపాటు ఒక నోటు కూడా అడిగారు. అందరూ ఓటరుకు నోటిస్తుంటే ఆయన ఓటరు దగ్గర నోటు తీసుకున్నారు. ఎందుకు? నోటిచ్చినోడు ఓటును కాపలా కాస్తడు గనుక. ఆ పార్టీ తర్వాత ఎటు పోయిందన్నది వేరే చర్చ. పద్ధతి మాత్రం మనది.

ఇక మన పాలమూరు కూలీ దగ్గరికి వద్దాం. మనోళ్లకు బయానా అంటే చెప్పనక్కర లేదు. మేస్త్రీ పండుగకు ముందొచ్చి ఇంత పైక చేతిలో పెడతడు. బిడ్డ పెండ్లికో, బోరు అప్పుకో, దవాఖానకో అది అయిపోతుంది. ఆ తర్వాత కూలి ఎంతని అడిగే నోరుండదు, ఎన్ని గంటలని అడిగే నోరుండదు, జ్వరమొచ్చినా లేచి పోవాలె. బాకీ కింద మనిషిని కట్టేసే ఈ వెట్టిని 1976లోనే చట్టం రద్దు చేసింది. కనీస కూలి కంటే తక్కువిచ్చి చేయించుకునే పని కూడా రాజ్యాంగం నిషేధించిన వెట్టి కిందికే వస్తుందని 1982లో ఏషియాడ్ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా బయానా నడుస్తూనే ఉంది. ఎందుకంటే అవసరం నడుస్తూనే ఉంది గనుక.

ఓటుకిచ్చే నోటు కూడా బయానాయే. పోలింగుకు ముందు రాత్రి చేతిలో పెట్టే పైక, ఐదేళ్ల కూలికి ముందే ఇచ్చే బయానా. తీసుకున్నాక అడిగే నోరుండదు. వలస కూలీకైతే ఇది రెండింతలు. మేస్త్రీ ఆపితే ఓటుకు రాలేడు, పార్టీ బండి పంపితే వస్తడు. బండి ఎవరిదో ఓటు వాళ్లదని ముందే లెక్క. మనలో తీసుకున్నోళ్లను తిట్టడానికి ఇది రాయడం లేదు. ఆకలి మీద తీర్పు చెప్పే హక్కు కడుపు నిండినోడికి లేదు. కానీ బయానా తీసుకున్న గుంపు ఏనాడూ కూలి పెంచుకోలేదన్న సంగతి మనకంటే బాగా ఎవరికి తెలుసు?

రిజర్వుడు సీటు ఉంది గదా అంటారు. ఉంది. నాగర్‌కర్నూల్ లోక్‌సభ మనదే. గద్వాల, వనపర్తి అందులోనివే. బీచుపల్లి ఉన్న ఆలంపూర్ అసెంబ్లీ మనదే, అచ్చంపేట మనదే. మరి మన ఎంపీలు, మన ఎమ్మెల్యేలు మన వాడల తరఫున ఎందుకు గట్టిగా లేవరు? 1932 పూనా ఒడంబడికతో వచ్చిన ఉమ్మడి ఓటు ఒక కారణం. మన సీటులో గెలవాలన్నా మన ఓట్లు ఒక్కటే చాలవు. రెండో కారణం పైసలు. 2024 లోక్‌సభ ఎన్నికల్లో మన రాష్ట్రంలో ఒక అభ్యర్థి 95 లక్షల దాకా ఖర్చు పెట్టొచ్చని చట్టబద్ధమైన హద్దు. కాగితం మీది హద్దే అంత! కూలీ కొడుకు, కూలీ బిడ్డ అంత పైక ఎక్కడ తెస్తరు? పార్టీ ఇయ్యాలె, కాంట్రాక్టరు ఇయ్యాలె. ఇచ్చినోడి మాట వినాలె. సీటు మనది, మనిషి మనోడు, కళ్లెం మాత్రం పైసలు పెట్టినోడి చేతిలో. సంఘాలు తమ చందాతో తమ మనిషిని నిలబెట్టలేనంత కాలం రిజర్వేషన్ సగమే పనిచేస్తుంది.

"కూలోడు చందా ఏడ ఇస్తడు?" అని కొందరు నిర్వాహకులే మాతో అంటుంటారు. మేం ఒప్పుకోం. బీచుపల్లి ఆంజనేయుడి హుండీలో పడే చిల్లర ఎవరిది? జాతరకు, బోనానికి, పీర్ల పండుగకు తలాయింత వేసుకునేది ఎవరు? ఇవ్వలేక కాదు, నమ్మలేక ఇవ్వడం లేదు. దేవుడి హుండీని కూడా నలుగురి ముందు విప్పి లెక్కపెడతారు. సంఘం చందా ఏమైందో చెప్పని నాయకుడు దేవుడికంటే గొప్పోడా? కాబట్టి జనాన్ని కసరడం ఆపి, లెక్క చెప్పడం మొదలుపెట్టాలి.

అందుకే ఈ మూడు జిల్లాల్లో పనిచేసే వ్యవసాయ కూలీ సంఘాలు, వలస కూలీ సంఘాలు, 2023 జూలైలో సమ్మె చేసి నిలబడిన గ్రామపంచాయతీ కార్మికులు, మన కుల సంఘాలు, దళిత ఉద్యోగుల సంఘాలు అన్నిటి ముందూ మేం కొన్ని మాటలు పెడుతున్నాం.

ఒకటి. సంఘం నడిపే నిధి వేరు, రాజకీయ నిధి వేరు. రెండింటికీ రెండు ఖాతాలు, రెండు రసీదు పుస్తకాలు. రాజకీయ నిధికి ఇష్టమున్నోళ్లే ఇస్తరు. ఇయ్యనోణ్ణి చిన్నచూపు చూడొద్దు, అతని కూలి గొడవ ముందుగా పట్టించుకోవాలి.

రెండు. మూడు నెలలకోసారి వాడలో, రచ్చ మీద, చదువు రానోళ్లకు అర్థమయ్యేటట్టు లెక్క చదవాలి. ఎవరిచ్చిన్రు, ఎంతిచ్చిన్రు, ఎక్కడ పెట్టినం. గోడ మీద రాయాలి. ఖాతా మీద రెండు సంతకాలుంటే ఒకటి ఆడమనిషిది కావాలి. నాట్లేసేది వాళ్లు, కలుపు తీసేది వాళ్లు, విత్తన పత్తి చేలల్లో ఎండకు మాడేది వాళ్లు. తాళం చెవి మాత్రం మగోడి మొలతాడుకెందుకు?

మూడు. కాంట్రాక్టరు, మేస్త్రీ, సారా వ్యాపారి, దొర ఇచ్చే పైస సంఘం సంచిలో పడొద్దు. వాళ్ల వంద కంటే మన పది బలమైంది. వాళ్ల వంద పడ్డ రోజు మన పది విలువ పోతుంది.

నాలుగు. ఏ పార్టీకైనా, ఏ అభ్యర్థికైనా మద్దతు ఊరికే ఇయ్యొద్దు. కోరికలు కాగితం మీద రాసి, సభలో చదివించి, అభ్యర్థితో సంతకం పెట్టించాలి. వలస కూలీ పేరు నమోదు, మేస్త్రీ బయానా మీద నిఘా, ఉపాధి పని దినాలు, కనీస కూలి, పనిచోట చచ్చిపోతే పరిహారం. గెలిచినాక ఏడాదికోసారి అదే సభలో నిలబడి జవాబు చెప్పాలి.

ఐదు. సంఘం నాయకుడు టికెట్ తీసుకుంటే సంఘం పదవి వదలాలి. పోయి గెలవనీ, మేం సంతోషిస్తాం. కానీ సంఘాన్ని జేబులో పెట్టుకొని పోవొద్దు. గెలిచినోణ్ణి నిలదీసేందుకు సంఘం బయట ఉండాలి.

ఈ పద్ధతులతో కంపెనీ కోట్లను మనం దాటలేం. ఆ భ్రమ మాకు లేదు. కానీ వెయ్యి కోట్లు ఇచ్చినోడికి దొరకనిది ఒకటి మనకు దొరుకుతుంది. పేరుపెట్టి, పగటిపూట, నలుగురి ముందు ఇచ్చిన పైసకు నోరుంటుంది. అది అడుగుతుంది. రాత్రి పంచిన నోటు నోరు మూయిస్తుంది, పగలు ఇచ్చిన చందా నోరు తెరిపిస్తుంది. పైక చిన్నదా పెద్దదా అని కాదు, మనం చేయి చాపి తీసుకున్నామా, చేయెత్తి ఇచ్చామా అన్నదే తేడా.

వచ్చే పక్షం లోపల ప్రతి ఊరి సంఘం ఒక రాత్రి కూచోవాలని కోరుతున్నాం. రసీదు పుస్తకం ముందర పెట్టుకోండి. ఇప్పటిదాకా వసూలైన చందా లెక్క మొదట చదవండి. తప్పులుంటే అక్కడే తేల్చండి. ఆ తర్వాతే కొత్త రసీదు కోయండి. బాబాసాహెబ్ పటం గోడకు తగిలించి లెక్క దాచే సంఘం మనకొద్దు. లెక్క చెప్పే సంఘం, లెక్క అడిగే జనం, లెక్కకు భయపడే నాయకుడు, ఈ మూడూ ఉంటే ఢిల్లీ దూరం కాదు.

జై భీమ్.